కారు వణుకుతోందా? ఏ పార్టూ మార్చకముందే కారణాన్ని ఇలా పట్టుకోండి

"90 దాటితే స్టీరింగ్ వణుకుతోంది, అలైన్‌మెంట్ చేయించినా తగ్గలేదు, ఇప్పుడు ఏం మార్చాలి?" ఈ ప్రశ్న వారం తిరక్కుండానే ఎవరో ఒకరు అడుగుతున్నారు. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే బోలెడు ఖర్చు పెట్టేసి ఉంటారు. ఒకరు టైర్లు మార్పిస్తారు, ఇంకొకరు షాక్ అబ్జార్బర్లు వేయిస్తారు, వణుకు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. కారణం ఏంటంటే, పార్టు మార్చి చూద్దాం అనుకుంటారు తప్ప వణుకు ఎప్పుడు మొదలవుతోంది, ఏం చేస్తే ఆగుతోంది అని ఎవరూ రాసుకోరు. అది రాసుకుంటే కారణాలు రెండు మూడుకి తగ్గిపోతాయి. అందుకే అంతా వరసగా రాస్తున్నాను. విశాఖలో ఉండేవాళ్ల కోసం రోడ్లు, సముద్రపు గాలి సంగతి కూడా కలిపాను, ఎందుకంటే మన ఊళ్లో కార్లకు వచ్చే కొన్ని తేడాలకు ఆ ఉప్పు గాలే కారణం.

కావాల్సినవి

టైరు గాలి చూసే గేజ్, చాక్‌పీసు, టార్చి, కారుతో వచ్చిన జాకీ, వీల్ స్పానర్, చక్రాల కింద పెట్టడానికి రెండు గట్టి రాళ్లు, ఒక వైరు బ్రష్, ఒక కాగితం. వీటికన్నా ముఖ్యం పక్కన కూర్చుని రాసేందుకు ఒక మనిషి. నడిపేవాళ్లు ఫోన్‌లో టైప్ చేస్తూ పరీక్ష చేయొద్దు.

ఇవి కనిపిస్తే పరీక్షలు వద్దు, కారు ఆపేయండి

టైరు పక్క గోడ మీద బుడగలా ఉబ్బు ఉంటే ఆ టైరుతో హైవే ఎక్కకూడదు, స్టెప్నీ వేసుకుని షాపుకి వెళ్లండి. పంక్చర్ వేయించిన రోజో, టైర్లు మార్పించిన మర్నాడో కొత్తగా వణుకు మొదలై, చక్రం దగ్గర టకటకమని చప్పుడు కూడా వస్తుంటే నట్లు వదులయ్యాయేమో అని అక్కడికక్కడే దిగి చూడండి. ఇంజిన్ కుదుపుతో పాటు చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఆరుతూ ఉంటే మిస్‌ఫైర్ అవుతోందని, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండట్లేదని అర్థం. అలాగే నడిపితే మండని పెట్రోల్ వెళ్లి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది, దాని ఖర్చు చిన్నది కాదు.

1. కారు కదలకుండానే మొదటి పరీక్ష

ఇంజిన్ వేడెక్కాక హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో, ఏసీ ఆపి చూడండి. తర్వాత ఏసీ వేయండి. కంప్రెసర్ అందుకున్నప్పుడు చిన్న కుదుపు మామూలే. ఏసీ నడుస్తున్నంతసేపూ డ్యాష్‌బోర్డు గలగలమంటుంటే మాత్రం మామూలు కాదు. సీవీటీ, టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ కార్లైతే బ్రేక్ గట్టిగా తొక్కి 'డి'లో పెట్టి చూడండి. 'డి'లో వణికి న్యూట్రల్‌లో సర్దుకుంటే మొదటి అనుమానం ఇంజిన్ మౌంటింగ్‌ల (ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మల) మీదే. ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ మాత్రం దానంతట అదే పనిచేసేది) కార్లలో బ్రేక్ మీద ఆగినప్పుడు క్లచ్ విడిపోయి ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష పనికిరాదు.

తర్వాత నిలబడే ఉన్న కారులో మెల్లగా 2000, 2500, 3000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాకా రేస్ చేయండి. రోడ్డు మీద వచ్చే వణుకే ఇక్కడా వస్తే చక్రాల జోలికి వెళ్లే అవసరమే లేదు. మౌంటింగ్, బాడీకి తగులుతున్న సైలెన్సర్ గొట్టం, వదులైన రేకు, వీటిలో ఏదో ఒకటి. అలా కాకుండా ఐడిల్‌లో ఒక లయ లేకుండా అప్పుడప్పుడు గుక్క పట్టినట్టు కుదిపితే స్పార్క్ ప్లగ్గులు, కాయిల్, ఇంజెక్టర్ చూపించాలి.

ఒక్క మాట. మూడు సిలిండర్ల ఇంజిన్లు (టియాగో, క్విడ్, 1.0 లీటర్ వాగన్ ఆర్ లాంటివి) ఐడిల్‌లో కొంచెం వణుకుతాయి, అది వాటి స్వభావం. నాలుగు సిలిండర్ల కారు నుంచి వీటికి మారినవాళ్లు టెన్షన్ పడి మౌంటింగ్‌లు మార్పించేస్తుంటారు. అదే మోడల్ ఉన్న ఇంకొకరి కారులో అయిదు నిమిషాలు కూర్చుని చూడండి, తేలిపోతుంది.

2. టైర్లను కళ్లతో, చేతులతో చూడండి

పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ తీస్తే స్టిక్కర్ మీద ఉంటుంది. పంక్చర్ షాపులో అందరికీ ఒకటే లెక్కన కొట్టే 35 పీఎస్‌ఐ మీ కారుకి సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు.

ప్రతి టైరు మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టి, కారుని కాస్త ముందుకి జరుపుతూ మొత్తం చుట్టూ చూడండి, ఎందుకంటే ఉబ్బు ఎప్పుడూ నేల వైపో లోపలి గోడ మీదో ఉండి మొదటి చూపుకి దొరకదు. ట్రెడ్ (టైరు నేలకి ఆనే భాగం) మీద అరచేయి మెల్లగా అటూ ఇటూ రుద్దండి (తీగలు బయటపడి ఉంటే చేయి కోసుకుంటుంది, ముందు కళ్లతో చూసుకోండి). ఒక దిశలో నున్నగా, రెండో దిశలో రంపంలా తగిలితే అరుగుదల సరిగ్గా లేదు. ఒక్కచోట మాత్రం ఎత్తుగా తగిలితే లోపలి ఉక్కు తీగల బెల్టు విడిపోతోందేమో అని అనుమానించాలి. టైరు వయసు కూడా చూడండి, పక్క గోడ మీద ఉండే తయారీ కోడ్‌ చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం.

ఇప్పుడు టార్చి తీసుకుని రిమ్ము లోపలి వైపు చూడండి. చుట్టూ బ్రేక్ దుమ్ము నల్లగా పట్టి, ఒక్కచోట మాత్రం వేలెడు పొడవున శుభ్రంగా, అంచులు కొలిచి గీసినట్టు ఒక దీర్ఘచతురస్రం కనిపిస్తే, అక్కడ అతికించిన బ్యాలెన్సింగ్ బరువు (చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా పెట్టే చిన్న ముక్క) ఊడిపోయింది. ఆ ఒక్క మరక చాలు, వణుకు ఎక్కడిదో తెలిసిపోయినట్టే. అలాగే వానాకాలంలో బురద రిమ్ము లోపల గట్టిపడిపోతుంది. అది కూడా బ్యాలెన్స్ తప్పిస్తుంది. నీళ్లతో కడిగి ఒకసారి నడిపి చూసిన తర్వాతే షాపుకి వెళ్లండి.

కారు వారాల తరబడి కదల్లేదా? టైరు నేలకి ఆనిన చోట చదును అవుతుంది. 15, 20 కిలోమీటర్లు నడిపి టైర్లు వేడెక్కాక తగ్గిపోతే అదే కారణం. తగ్గకపోతే ముందుకి వెళ్దాం.

3. రోడ్డు పరీక్ష

బీచ్ రోడ్డు వద్దు. స్పీడ్ బ్రేకర్లు, నడిచేవాళ్లు, ఏ వేగమూ నిలకడగా దొరకదు. మద్దిలపాలెం నుంచి మధురవాడ వైపు సిగ్నళ్లు ఎక్కువ. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్లే ఆరు వరసల రోడ్డు దీనికి బాగుంటుంది. తెల్లారాక, ఎండ రాకముందు వెళ్లండి. పక్కన ఆపిన లారీలను గమనించండి, బోర్డు మీద ఉన్న వేగం దాటొద్దు. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ లాంటి వాటి మీద అతుకుల దగ్గర వచ్చే దబదబ శబ్దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఒకటే వేగంలో రెండు వేర్వేరు రోడ్ల మీద వస్తేనే అది కారుది.

అ) 30 నుంచి మెల్లగా వేగం పెంచుతూ 100 దాకా వెళ్లండి. ఎక్కడ మొదలైంది, ఎక్కడ బాగా ఎక్కువైంది, ఎక్కడ తగ్గింది, పక్కవాళ్లు రాసుకోవాలి. స్టీరింగ్‌లోనా, సీటు కిందనా, పెడల్‌లోనా, గేర్ రాడ్‌లోనా అన్నది కూడా.

ఆ) వణుకు వచ్చే వేగంలోనే ఉంటూ ఒక గేరు తగ్గించండి. ఆర్‌పీఎం పెరిగినా వణుకు అలాగే ఉంటే చక్రాల వైపు. వణుకు మారిపోతే ఇంజిన్ వైపు.

ఇ) అదే వేగంలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి. వెంటనే పోతే యాక్సిల్ (ఇంజిన్ శక్తిని చక్రానికి అందించే కడ్డీ) లేదా మౌంటింగ్. పోకపోతే చక్రాలు. మాన్యువల్ కారులో క్లచ్ తొక్కి కూడా చూడొచ్చు. ఇంజిన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపొద్దు, స్టీరింగ్, బ్రేక్ రెండూ బరువెక్కిపోతాయి.

ఈ) వెనక ఎవరూ లేనప్పుడు 80 నుంచి 40కి మెత్తగా బ్రేక్ వేయండి. వణుకు బ్రేక్ వేసినప్పుడే వస్తే బ్రేకులది.

ఉ) పెద్ద వంపులో లేదా లేన్ మారేటప్పుడు గుర్రుమనే శబ్దం ఒక వైపుకి పెరిగి రెండో వైపుకి తగ్గితే వీల్ బేరింగ్.

థియరీ ఇంతే చాలు: 185/65 ఆర్ 15 టైరు ఒక చుట్టుకి దాదాపు 1.95 మీటర్లు వెళ్తుంది. 90 వేగంలో అంటే సెకనుకి 13 చుట్లు. అదే సమయంలో 2500 ఆర్‌పీఎంలో ఉన్న ఇంజిన్ సెకనుకి 42 చుట్లు తిరుగుతుంది. అందుకే చక్రాల వణుకు పెద్దగా, చేతులు ఊగేలా ఉంటుంది, ఇంజిన్‌ది సన్నగా జివ్వుమంటుంది. కొన్నాళ్లు గమనిస్తే చేతికే తేడా తెలుస్తుంది.

4. 80 నుంచి 110 మధ్య మాత్రమే వణికితే

ఎక్కువ కార్ల కథ ఇదే. ముందు చక్రాలైతే స్టీరింగ్‌లో, వెనకవైతే సీటులో, ఫ్లోర్‌లో తెలుస్తుంది. దీనికి కావాల్సింది వీల్ బ్యాలెన్సింగ్. అలైన్‌మెంట్ కాదు. అలైన్‌మెంట్ (చక్రాలు నిలబడే కోణం) తప్పితే కారు ఒక పక్కకి లాగుతుంది, టైర్లు ఒక వైపు అరుగుతాయి, అంతేగానీ దానంతట అది వణుకు తెప్పించడం చాలా అరుదు. మన షాపుల్లో రెండూ కలిపి ఒక ప్యాకేజీగా చెప్తారు కాబట్టి జనానికి రెండూ ఒకటేలా అనిపిస్తాయి.

బ్యాలెన్సింగ్ చేస్తున్నంతసేపూ పక్కనే నిలబడండి. నిలబడాల్సిన కారణాలు ఉన్నాయి. చక్రాన్ని మెషీన్ మీద పెట్టే ముందు పాత బరువులన్నీ తీసేసి, బురద గోకాలి. కొత్త బరువులు వేశాక మళ్లీ ఒకసారి తిప్పాలి, లోపలి వైపు, బయటి వైపు రెండింటికీ సున్నా చూపించాలి. "అయిదు గ్రాములే సార్, పర్లేదు" అంటే ఒప్పుకోవద్దు, ఇంకో నిమిషం పని అది. చక్రం తిరుగుతున్నప్పుడు రిమ్ము అంచుని, టైరు ట్రెడ్‌ని పక్క నుంచి చూడండి. రిమ్ము ఊగుతుంటే గుంతలో పడి వంగింది. రిమ్ము నిలకడగా ఉండి టైరు మాత్రం ఎగిరి పడుతుంటే తప్పు టైరుది. ఒక్క చక్రమే మిగతా మూడింటికన్నా చాలా ఎక్కువ బరువు అడుగుతుంటే బరువులు అతికించి పంపించేయొద్దని చెప్పండి. టైరుని రిమ్ము మీద సగం చుట్టు తిప్పి ఎక్కించి మళ్లీ చూడమనండి, చాలాసార్లు అక్కడే సర్దుకుంటుంది.

మన ఊళ్లో ఇంకో సంగతి ఉంది. చక్రం విప్పినప్పుడు హబ్ ముఖం చూడండి, అంటే రిమ్ము వెళ్లి ఆనుకునే ఆ గుండ్రటి ఇనుప ముఖం. సముద్రానికి దగ్గరగా, పెదవాల్తేరు, ఎండాడ, రుషికొండ వైపు బయట ఆపే కార్లకు అక్కడ తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది. ఆ పొర మీద చక్రం బిగిస్తే మెషీన్ మీద సున్నా చూపించిన చక్రం కూడా కారు మీద వంకరగానే తిరుగుతుంది. "బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించినా పోలేదు" అనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇది. వైరు బ్రష్‌తో హబ్ ముఖం, రిమ్ము వెనక ముఖం రెండూ రుద్ది శుభ్రం చేయండి. నట్లు, స్టడ్ల మీద మాత్రం గ్రీజు, ఆయిల్ పూయొద్దు, బిగింపు లెక్క తప్పుతుంది.

బయట కొన్న అల్లాయ్ చక్రాలైతే మధ్య రంధ్రం హబ్ కన్నా పెద్దగా ఉండొచ్చు. ఆ ఖాళీకి సరిపడా రింగ్ వేయించండి. అది లేకపోతే ఎన్నిసార్లు బ్యాలెన్స్ చేసినా కొంచెం వణుకు మిగిలే ఉంటుంది.

5. ఏ చక్రమో తెలియకపోతే మార్చి చూడండి

పైసా ఖర్చు లేని పరీక్ష, నాకు అన్నింటికన్నా నమ్మకమైనదీ ఇదే. ఒకే పక్కన ముందు చక్రాన్ని వెనక్కి, వెనక దాన్ని ముందుకి మార్చండి. రెండో పక్క కూడా అంతే. స్టీరింగ్‌లో ఉన్న వణుకు సీటులోకి వెళ్లిందంటే తప్పు ఆ చక్రాల్లోనే ఉంది, సస్పెన్షన్‌లో లేదు. ఏమీ మారలేదంటే చక్రాలకు క్లీన్ చిట్ ఇచ్చి హబ్, బేరింగ్, యాక్సిల్ చూడాలి. ముందూ వెనకా టైరు సైజులు వేరుగా ఉన్న కార్లకు ఇది కుదరదు.

జాకీ ఎక్కించేటప్పుడు చదునైన గట్టి నేల, హ్యాండ్ బ్రేక్, గేరు, ఎదురు మూలన ఉన్న చక్రానికి రాళ్లు. వెనక చక్రం లేపితే హ్యాండ్ బ్రేక్ మీద మాత్రమే ఆధారపడొద్దు. జాకీ మీద ఉన్న కారు కిందకి తల గానీ చేయి గానీ పెట్టొద్దు, ఎంత చిన్న పనైనా సరే. బిగించేటప్పుడు నట్లు చుట్టూ వరసగా కాకుండా ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించండి.

6. బ్రేక్ వేస్తేనే వణికితే

స్టీరింగ్ వణికితే ముందు చక్రాల డిస్కులు. సీటు, పెడల్ వణికితే వెనక డ్రమ్ములు కావచ్చు. అర్జెంటుగా గట్టిగా తొక్కినప్పుడు పెడల్ కాలి కింద టకటకమనడం ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) పని, అది జబ్బు కాదు.

చాలామంది డిస్కు వంగిపోయింది అనుకుంటారు. ఎక్కువగా జరిగేది డిస్కు మందంలో తేడా రావడం. అది తల వెంట్రుక మందం కన్నా తక్కువ ఉన్నా కాలికి తెలుస్తుంది. అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగుతూ బ్రేక్ మీదే కాలు పెట్టి వచ్చి, కింద టీ కోసం ఆపి, వేడి డిస్కు మీద ప్యాడ్లు గట్టిగా నొక్కి ఉంచితే ప్యాడ్ పదార్థం ఆ ఒక్కచోట అంటుకుపోతుంది. ఘాట్ మీద రెండో గేరులో దిగండి. ఆగాక చదునైన చోట కాసేపు పెడల్ వదిలేయండి.

ఉప్పు గాలిలో రెండో రకం వస్తుంది. వానల్లో కారు నాలుగైదు రోజులు కదలకపోతే డిస్కు అంతా ఎర్రగా తుప్పు పడుతుంది, ప్యాడ్ కింద ఉన్న భాగం మాత్రం వేరే రంగులో ఉండిపోతుంది. మామూలు తుప్పు ఇరవై ముప్పై బ్రేకులకు తుడుచుకుపోతుంది. ప్యాడ్ ఆకారంలో మరక మిగిలిపోయి, చక్రం తిరిగే లయలో పెడల్ కొడుతుంటే డిస్కు స్కిమ్మింగ్ (పైపొర సన్నగా చెక్కి చదును చేయడం) చేయించాలి లేదా మార్చాలి. గాజువాక ఆటోనగర్ వైపు లేత్ మీద చేసేవాళ్లు దొరుకుతారు. కానీ ముందు మందం కొలవమనండి. డిస్కు మీద కనీస మందం ముద్రించి ఉంటుంది, స్కిమ్మింగ్ తర్వాత అంతకన్నా తగ్గేట్టుంటే కొత్తదే దారి. డిస్కులు జతగా మార్చాలి, ఒక్కటి కాదు.

7. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే వస్తే

40, 60 వేగాల్లో గట్టిగా యాక్సిలరేట్ చేస్తే కారు పక్కపక్కలకి ఊగినట్టు ఉండి, కాలు తీయగానే పోతే యాక్సిల్ లోపలి జాయింట్. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా వెళ్తే టిక్ టిక్ మంటే బయటి జాయింట్. చక్రం వెనక టార్చి వేసి రబ్బరు బూటు చూడండి, చిరిగి చుట్టూ గ్రీజు చిమ్మి ఉంటే నిర్ధారణ అయినట్టే. గ్రీజు ఇంకా మిగిలుండి శబ్దం లేకపోతే బూటు, గ్రీజు మారిస్తే సరిపోతుంది. శబ్దం మొదలయ్యాక అయితే జాయింటే.

మౌంటింగ్ చూడాలంటే బానెట్ తెరిచి, మీరు పక్కన నిలబడి, లోపల బాగా నడపడం వచ్చినవాళ్లు బ్రేక్ గట్టిగా తొక్కి ఫస్ట్ గేరులో క్లచ్ కొంచెం మాత్రమే వదలాలి, తర్వాత రివర్స్‌లో కూడా. ఇంజిన్ గంతేసినట్టు లేస్తే మౌంటింగ్ పోయింది. కారు ముందు గానీ వెనక గానీ ఎవరూ నిలబడకూడదు.

కదిలేటప్పుడు, అదీ ఎత్తు మీద, ఫస్ట్ గేరులోనే దడదడలాడి తర్వాత మామూలైపోతే క్లచ్. సింహాచలం కొండ ఎక్కేటప్పుడు ఆగి కదిలితే బాగా తెలుస్తుంది.

బొలెరో, స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా, ఈకో లాంటి వెనక చక్రాలు తిరిగే బండ్లకు ఇంకో అనుమానం ఉంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు శక్తి తీసుకెళ్లే పొడవాటి కడ్డీ). వణుకు ఫ్లోర్ మధ్యలో వస్తుంది, వేగంతో పాటు పెరుగుతూనే పోతుంది. యూ జాయింట్లు, రెండు ముక్కల షాఫ్ట్ అయితే సెంటర్ బేరింగ్ చూపించండి. షాఫ్ట్ విప్పితే పెయింట్ గుర్తు పెట్టి అదే స్థానంలో బిగించమనండి, లేకపోతే కొత్త వణుకు కొని తెచ్చుకున్నట్టే.

8. పైకి లేపి ఊపి చూడటం

చక్రం గాలిలో ఉన్నప్పుడు పైనా కిందా పట్టుకుని ఊపండి, ఆట ఉంటే వీల్ బేరింగ్ లేదా బాల్ జాయింట్. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే ఆట ఉంటే టై రాడ్ ఎండ్. చేత్తో తిప్పితే గరగరమంటే బేరింగ్. లోయర్ ఆర్మ్ బుష్‌లు చిరిగితే బ్రేక్ వేసినప్పుడు, గుంతల్లో వణుకు ఎక్కువవుతుంది, కానీ మొదలుపెట్టేది సాధారణంగా వేరే ఏదో ఉంటుంది, బుష్ దాన్ని పెద్దది చేస్తుంది. ఇది మెకానిక్ లిఫ్ట్ మీద చేస్తే మేలు.

పని అయ్యాక ఎలా చూసుకోవాలి

అదే రోడ్డు, అదే వేగం, అంతే గాలి, కారులో అంతే మంది. ముందు నలుగురితో, తర్వాత ఒంటరిగా నడిపి "తగ్గింది" అనుకుంటే లెక్క తప్పినట్టే. ఒకేసారి ఒక్క పనే చేయించండి. బ్యాలెన్సింగ్, డిస్కు, మౌంటింగ్ ఒకే రోజు చేయిస్తే ఏది పనిచేసిందో మీకూ తెలియదు, మెకానిక్‌కీ తెలియదు, మళ్లీ వస్తే మొదటికొస్తారు.

మెకానిక్ దగ్గర "బండి వణుకుతోంది" అని ఆపేయకండి. ఇలా చెప్పండి: "అన్నా, 85 దగ్గర మొదలై 105కి తగ్గిపోతోంది, స్టీరింగ్‌లోనే వస్తోంది, గేరు మార్చినా, కాలు తీసినా పోవట్లేదు, బ్రేక్‌తో సంబంధం లేదు, టైర్లు ముందుకీ వెనక్కీ మారిస్తే సీటులోకి వెళ్లింది." ఇంత చెప్పాక అతను నేరుగా ఆ రెండు చక్రాలే విప్పుతాడు. అయినా ముందు షాక్ అబ్జార్బర్లు మార్చాలంటే, ఎందుకో అడగండి.

చక్రం విప్పిన ప్రతిసారీ 50, 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి చూసుకోండి. ఎంత టార్క్ పెట్టాలో మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది. స్పానర్ మీద ఎక్కి తొక్కొద్దు.